దసరాకి పక్కా అన్నారు

(బెంగళూరు మారతహళ్ళి వైపు ఉంటున్న తెలుగువాళ్ళం నెలకోసారి ఆదివారం కలుస్తాం. మొన్నటి సమావేశంలో, బ్యాంకులో 33 ఏళ్ళు పనిచేసి రిటైరైన ఒక అమ్మ మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ళు అడిగారని రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకు వినపడుతోందా? ఫ్యాను కింద ఉన్న అన్నా, మీకు? సరే.

పోయిన నెల ఇక్కడే మాటల మధ్యలో కార్ల సంగతి వచ్చింది. కొత్త కారు కొనేటప్పుడు షోరూంలో ఇబ్బంది పడినవాళ్ళు ఎవరని ఎవరో అడిగితే ఏడు చేతులు లేచాయి. ఉన్నదే ముప్పైమందిమి. అందులో ఏడుగురు! ఇంటికి వెళ్ళాక కూడా నా మనసులో అదే తిరిగింది. అందుకే ఈ నెల నేను మాట్లాడతానని అడిగి మరీ వచ్చాను. ఇదిగో, ఈ నీలం ఫైలు తెచ్చాను. నేను చెప్పే ప్రతి తేదీకీ ఇందులో కాగితం ఉంది. షోరూం పేరు చెప్పను, కారు కంపెనీ పేరూ చెప్పను, తరువాత విడిగా కూడా అడగొద్దు. పేరు చెప్తే ఆ ఒక్క షోరూంకి వెళ్ళడం మానేసి, పక్కదానికి వెళ్ళి అవే బాధలు పడతారు. జరిగిన తీరు తెలిస్తే ఏ షోరూంకి వెళ్ళినా పనికొస్తుంది.

మాది మదనపల్లె. నీరుగట్టువారిపల్లెలో మా నాన్న పట్టుచీరలు నేశాడు. యాభై ఏళ్ళు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనిషి. నేను బ్యాంకులో చేరి, ఊళ్ళు తిరిగి, చివరికి ఈ బెంగళూరులోనే రిటైరయ్యాను. వచ్చిన డబ్బులో కొంత తీసి, మిగతాది లోను పెట్టి కారు కొందామనుకున్నాం. అంతవరకు మా ఇంట్లో ఉన్నవన్నీ సెకండ్ హ్యాండ్‌వే. షోరూం నుంచి కొత్త బండి దిగడం మా వంశంలోనే మొదటిసారి. నాన్నకు ఫోన్ చేసి చెప్తే, ఏ కారు, ఎంత అని ఏమీ అడగలేదు. ఒక్కటే అడిగాడు. ‘ఎప్పుడిస్తారంట?’

2024 జులైలో ఒక శనివారం ఔటర్ రింగ్ రోడ్డు మీద ఉన్న షోరూంకి వెళ్ళాం. నేను, మా ఆయన, మా అల్లుడు. ఏసీ, కాఫీ, బిస్కెట్లు, అన్నీ బాగున్నాయి. సేల్స్ అబ్బాయి మన తెలుగబ్బాయే, కర్నూలు వైపు. చాలా కలుపుగోలుగా మాట్లాడాడు. కానీ ఆ గంటన్నరలో నా వైపు చూసి చెప్పింది రంగుల గురించి మాత్రమే. ఇంజను సంగతులు మా అల్లుడికి చెప్పాడు. లోను సంగతులు మా ఆయనకు చెప్పాడు. డబ్బు నాది, లోను నా పేరున, బ్యాంకులో ఏళ్ళతరబడి వాహన లోన్లు చూసింది నేను. నేను అడిగిన ప్రశ్నకు కూడా జవాబు మా అల్లుడి మొహం చూసి చెప్పాడు. ఇక్కడున్న ఆడవాళ్ళు తలలు ఊపుతున్నారు, మీ అందరికీ తెలుసు ఇది. ఇదేమీ నేరం కాదు, కేసు పెట్టేది కాదు. కానీ కొనే మనిషి ఎవరో చూడనివాళ్ళు, ఆ మనిషికి ఇచ్చిన మాట గుర్తుపెట్టుకుంటారా? ఆ రోజే నాకు అనుమానం రావాల్సింది.

ఆ రోజే ఆన్‌రోడ్ ధర కాగితం ఇచ్చారు, అంటే పన్నులూ బీమా అన్నీ కలిపి కారు రోడ్డెక్కడానికి అయ్యే మొత్తం. ఇక్కడ కాస్త ఆగుతాను. చాలామంది ఈ కాగితం చూడగానే ‘టోటల్ ఎంత?’ అని అడిగేస్తారు. టోటల్ చూడొద్దు. పైనుంచి ఒక్కో వరస వేలు పెట్టి చదవండి.

ఎక్స్‌షోరూం ధర, మాది 13 లక్షల చిల్లర. అందులో జీఎస్టీ కలిసే ఉంది, ఫ్యాక్టరీ నుంచి షోరూం దాకా తెచ్చిన ఖర్చూ కలిసే ఉంది. తరువాత రోడ్ టాక్స్. కర్ణాటకలో అది బరువే. 10 లక్షలు దాటి 20 లక్షల లోపు ఉన్న కారుకు 17 శాతం, దాని మీద సెస్సు. మాకు రెండు లక్షల నలభై వేల పైమాటే అయింది. అది ప్రభుత్వానికి పోయేది, దాని గురించి షోరూంవాళ్ళతో వాదించి లాభం లేదు. ఏమన్నారు? చిత్తూరులోనో హోసూరులోనో కొని ఇక్కడ తిప్పుకుంటే? అన్నా, ఇక్కడే కాపురం ఉంటూ 12 నెలలు దాటి తిప్పితే ఇక్కడి నంబరు తీసుకోవాల్సిందే, మోటారు వాహనాల చట్టంలో 47వ సెక్షను. అప్పుడు ఇక్కడి టాక్స్ ఎలాగూ తప్పదు. ఆ తోవ వద్దు.

ఆ కింద టీసీఎస్ అని 13 వేల చిల్లర, అంటే అమ్మేవాళ్ళు మన దగ్గర ముందే వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను. 10 లక్షలు దాటిన కారుకు ఒక శాతం, 2016 జూన్ నుంచి ఉంది. ఇది మీ పాన్ మీద జమ అయ్యే డబ్బు. ఇన్‌కం టాక్స్ రిటర్న్ వేసేటప్పుడు మీ పన్నులో తగ్గించుకోవచ్చు, ఎక్కువైతే వెనక్కి తెచ్చుకోవచ్చు. ఈ ముక్క షోరూంలో ఎంతమందికి చెప్పారు? చేతులెత్తండి. ఇద్దరు. చూశారా? రిటర్న్ వెయ్యని తల్లిదండ్రుల పేరున కారు కొని, ఈ డబ్బు అలాగే వదిలేసినవాళ్ళు నాకు తెలుసు.

ఇక ఆ కింద వరసలు. హ్యాండ్లింగ్ 9,500. ఎసెన్షియల్ కిట్ 18,000. ఎక్స్‌టెండెడ్ వారంటీ 22,000. ఎసెన్షియల్ అంటే అది లేకపోతే గడవదని కదా అర్థం? కిట్‌లో ఏముందని అడిగాను. మ్యాట్లు, మడ్ ఫ్లాపులు, సీటు కవర్లు, ఒక సెంటు సీసా. ఇవి లేకపోతే కారు కదలదా? వద్దన్నాను. ‘మేడమ్, అందరూ తీసుకుంటారు, సిస్టంలోంచి తీసెయ్యడానికి రాదు’ అన్నారు. వినండి, ఒక వస్తువు అమ్మాలంటే ఇంకో వస్తువు కూడా కొనాలని షరతు పెట్టడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుడు వ్యాపార పద్ధతి. ఆ మాట నేను అనగానే సిస్టంలోంచి తీసెయ్యడానికి వచ్చింది. మరి హ్యాండ్లింగ్? యార్డు నుంచి తెచ్చి, కడిగి, తుడిచి ఇచ్చే ఖర్చట. అమ్మిన వస్తువు చేతికివ్వడానికి వేరే డబ్బులా? చీర మడతపెట్టి ఇచ్చినందుకు మా నాన్న ఎప్పుడైనా ఒక్క రూపాయి అడిగాడా?

ఇన్సూరెన్సు. వాళ్ళు చెప్పింది 61,000. అదే ఐడీవీ, అంటే బీమా కోసం కారుకు కట్టే విలువ, అవే యాడ్ ఆన్‌లు, అంటే అదనంగా తీసుకునే రక్షణలు, పెట్టి బయట అడిగితే 42,000. కొత్త కారుకు థర్డ్ పార్టీ బీమా, అంటే మన కారు వల్ల ఎదుటివాళ్ళకు జరిగే నష్టానికి తీసుకునేది, మూడేళ్ళకు ఒకేసారి కట్టాలి, సుప్రీంకోర్టు చెప్పాక 2018 సెప్టెంబర్ నుంచి అది నియమం. ఆ ప్రీమియం ఎక్కడ కట్టినా ఒకటే. తేడా అంతా మన కారుకు జరిగే నష్టానికి తీసుకునే భాగంలోనూ, యాడ్ ఆన్‌లలోనూ ఉంటుంది. ఆ భాగం ఒక్క ఏడాదికే తీసుకోవచ్చు. ‘బయట తీసుకుంటే క్యాష్‌లెస్ రాదు మేడమ్’ అన్నారు. మీకూ చెప్పారా? అందరికీ ఇదే చెప్తారు. క్యాష్‌లెస్ అంటే రిపేరు బిల్లు బీమా కంపెనీయే నేరుగా వర్క్‌షాపుకు కట్టడం. అది బీమా కంపెనీకీ ఆ వర్క్‌షాపుకీ మధ్య ఒప్పందం ఉందా లేదా అన్నదాన్ని బట్టి వస్తుంది. ఒప్పందం ఉందేమో ముందే చూసుకుని, పాలసీ ఎక్కడైనా కొనుక్కోండి. మా దగ్గరే కొనాలని డీలర్లు బలవంతం చెయ్యకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2017లోనే నియమాలు పెట్టింది.

చివరికి మేనేజరు వచ్చాడు, కిట్ తీసేశాడు, ఇన్సూరెన్సు బయట తెచ్చుకోమన్నాడు, హ్యాండ్లింగ్ మాత్రం ఉంచాడు. నేను ఒప్పుకున్నాను. ఒప్పుకోకుండా ఉండాల్సింది. 25,000 అడ్వాన్స్ కట్టి, డెలివరీ ఎప్పుడని అడిగాను.

‘దసరాకి పక్కా మేడమ్.’

రాసివ్వండి అన్నాను. బుకింగ్ ఫారంలో డెలివరీ తేదీకి ఒక గడి ఉంది. అందులో అక్టోబర్ అని రాసి, పక్కన బ్రాకెట్లో టెంటేటివ్, అంటే మారొచ్చు, అని రాశాడు. ఆ ఫారం వెనక చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం కూడా ఉంటుంది, డెలివరీ రోజున ఏ ధర ఉంటే అదే కట్టాలని. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ మారి చిన్న కార్లకు 18 శాతానికి దిగినప్పుడు, కారూ ఇన్‌వాయిసూ ఆ తేదీ దాటాక వచ్చినవాళ్ళకు మంచే జరిగింది. ధర పెరిగినప్పుడు మాత్రం అదే వాక్యం చూపించి తేడా కట్టమంటారు. సంతకం పెట్టే ముందు కాగితం తిప్పి చూడండి.

ఆగస్టు గడిచింది. ఫోన్ చేస్తే ‘ప్రొడక్షన్‌లో ఉంది మేడమ్.’ సెప్టెంబర్ మొదట్లో ఆ కర్నూలు అబ్బాయి ఫోన్ ఎత్తడం మానేశాడు. ఉద్యోగం మానేశాడని తరువాత తెలిసింది. మా బుకింగ్ ఎవరికి అప్పజెప్పి వెళ్ళాడు? ఎవరికీ లేదు. షోరూంకి వెళ్తే కంప్యూటర్‌లో నా పేరు వెతకడానికే 20 నిమిషాలు పట్టింది. రెండో అబ్బాయి వచ్చాడు, మొదటినుంచి మళ్ళీ మొత్తం చెప్పుకున్నాను. ‘దసరాకి వస్తుందా బాబూ?’ ‘పక్కా మేడమ్.’ నెల తిరక్కుండానే మూడో అబ్బాయి. మళ్ళీ మొదటినుంచి. మళ్ళీ పక్కా.

నాన్నకు అప్పుడు 84. నవరాత్రులకే వచ్చేశాడు. సంచిలో నిమ్మకాయలు, పెరట్లో కాసిన ఒక బూడిద గుమ్మడికాయ. బెంగళూరులో ఆయుధపూజ ఎలా ఉంటుందో మీకు చెప్పాలా? బీఎంటీసీ బస్సు నుంచి తోపుడు బండి దాకా అన్నిటికీ అరటి పిలకలు, మామిడాకులు. ఆ పండక్కి మన బండికి తన చేత్తో దిష్టి తియ్యాలని ఆయన ఆశ. అక్టోబర్ 11న ఆయుధపూజ. 9న ఫోన్ చేశాను, ‘ట్రక్కు దారిలో ఉంది మేడమ్’ అన్నారు. 10న చేశాను, ‘ట్రక్కు హోస్కోటె దాటింది మేడమ్’ అన్నారు. 11 పొద్దున ఫోన్ స్విచాఫ్. 12న విజయదశమి, ఇంక ఆగలేక షోరూంకే వెళ్ళాం. వాకిట్లో ఎనిమిది కార్లు రిబ్బన్లు కట్టి వరసగా నిలబెట్టారు. మాది లేదు. నాన్నను బయట కుర్చీలో కూర్చోబెట్టి లోపలికి వెళ్ళాను. మేనేజరు అన్న మాట నాకు అక్షరం అక్షరం గుర్తుంది. ‘మేడమ్, అది జస్ట్ టెంటేటివ్ డేట్ కదా.’

తరువాత కంపెనీ కస్టమర్ కేర్‌వాళ్ళు చెప్తే తెలిసింది, అక్టోబర్ 12 నాటికి మా పేరున ఏ కారూ కేటాయించనే లేదు. మరి ఏ ట్రక్కు దారిలో ఉంది? హోస్కోటె దాటింది ఏమిటి?

ఆటోలో తిరిగి వస్తుంటే నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు: ‘పట్టు రాకుంటే నేను ఎనిమిది దినాలు ముందే పొయ్యి చెప్పేవాణ్ణి గదమ్మా. పెళ్ళోళ్ళు ఇంగో చీర చూసుకునేవాళ్ళు.’

అంతే అన్నాడు. 14న చింతామణి మీదుగా పోయే బస్సెక్కాడు. గుమ్మడికాయ మా వంటింట్లో ఉండిపోయింది.

ఆలస్యం కావడం నాకు అర్థమవుతుందండీ. ఫ్యాక్టరీలో విడిభాగాలు అందకపోవచ్చు, ట్రక్కు దొరక్కపోవచ్చు. సెప్టెంబర్‌లో ఒక్క ఫోన్ చేసి, ‘అమ్మా, దసరాకి అవదు, నవంబర్ అంటోంది కంపెనీ’ అని ఉంటే? ఆ ముసలాయన 120 కిలోమీటర్లు బస్సులో వచ్చేవాడు కాదు. నేను ఇంకో షోరూం చూసుకునేదాన్ని. వాళ్ళ భయం కూడా అదే, నేను ఇంకో షోరూం చూసుకుంటానని. అందుకే నిజం దాచారు. నాకు కాఫీ ఇవ్వకపోయినా ఫర్వాలేదు, కుర్చీ వెయ్యకపోయినా ఫర్వాలేదు, ఆ ఒక్క నిజం చెప్పి ఉంటే నేను ఈ రోజు ఇక్కడ నిలబడి మాట్లాడేదాన్నే కాదు.

అక్టోబర్ 24న ఫోన్. ‘మేడమ్, మీ కారు వచ్చేసింది! ధనత్రయోదశికి తీసుకోండి, రేపటికల్లా ఫుల్ పేమెంట్ చేసెయ్యండి.’ చూపించండి అన్నాను. ‘పేమెంట్ అయ్యాక పీడీఐ చేసి చూపిస్తాం.’ పీడీఐ అంటే కారు చేతికిచ్చే ముందు చేసే తనిఖీ. చాసిస్ నంబరు, అంటే ఒక్కో కారుకు విడిగా ఉండే గుర్తింపు నంబరు, పంపండి అన్నాను. ‘అలాట్ అయ్యాక వస్తుంది.’ కారు వచ్చేసిందంటున్నారు, నంబరు లేకుండా వచ్చిందా? రెండు రోజులు వెంటపడితే ఫొటో పంపారు.

ఇది జాగ్రత్తగా వినండి. చాసిస్ నంబరులో అక్షరాలూ అంకెలూ కలిసి 17 ఉంటాయి. చాలా కంపెనీలకు పదో స్థానంలోని అక్షరం తయారైన సంవత్సరాన్ని చెప్తుంది. 2024కి ఆర్, 2025కి ఎస్, 2026కి టి. నెల ఏ స్థానంలో ఉంటుందో కంపెనీని బట్టి మారుతుంది, మీరు కొనే కంపెనీది ముందే కనుక్కోండి. మాది చదివితే 2024 జనవరి అని తేలింది. నేను బుక్ చేసింది జులైలో. ప్రొడక్షన్‌లో ఉందన్నది ఆగస్టులో. జనవరిలో తయారైన కారు ఆగస్టులో ప్రొడక్షన్‌లో ఎలా ఉంటుంది?

యార్డుకు వెళ్ళాం, నేనూ మా అల్లుడూ, ఒక టార్చి, ఒక తడిగుడ్డ తీసుకుని. గేటు దగ్గర అరగంట ఆపారు. మూడో అబ్బాయి వచ్చి లోపలికి తీసుకెళ్ళాడు. కారు మీద ఎంత దుమ్ముందంటే, రంగు తెలియలేదు. కడిగి ఇస్తాం మేడమ్ అన్నారు. అలాగే చూస్తానన్నాను. టైర్ల పక్కన చిన్న గుండ్రటి గడిలో నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండు వారం, తరువాతి రెండు సంవత్సరం. మూడు టైర్ల మీద 4923, అంటే 2023లో 49వ వారం. జనవరిలో తయారైన కారుకు సరిపోయింది. నాలుగో టైరు మీద 2224. 2024లో 22వ వారం, అంటే మే చివర, జూన్ మొదలు. జనవరిలో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారుకు జూన్ టైరు ఎలా వచ్చింది? ఎవరు మార్చారు, ఎందుకు మార్చారు? ఆ టైరు పైన తలుపు మీద తడిగుడ్డతో తుడిచి, టార్చి పక్కనుంచి వేస్తే, అక్కడ రంగు మిగతా కారులా నున్నగా లేదు. మీటరు 187 కిలోమీటర్లు. ఆ అబ్బాయిని అడిగాను. తల వంచుకున్నాడు. పాపం, ఆ అబ్బాయికి కూడా తెలియదు.

ఎందుకిలా చేస్తారు? బ్యాంకు మనిషిని కాబట్టి ఇది నేను చెప్పగలను. డీలరు కంపెనీ దగ్గర కార్లు ముందే కొని పెట్టుకుంటాడు, ఎక్కువగా బ్యాంకు అప్పుతో. ఇన్వెంటరీ ఫండింగ్ అంటాం దాన్ని. కారు యార్డులో ఉన్నన్ని రోజులూ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. అందుకని పాతబడిన కారును ముందు వదిలించుకోవాలని చూస్తారు. ఎవరికి? ఎదురుచూసి ఎదురుచూసి విసిగిపోయి, ఏదో ఒకటి ఇస్తే చాలు అనే స్థితికి వచ్చినవాళ్ళకు. పండగ దాటిపోయి, ఇంకో పండగ వస్తోందని తొందరపడేవాళ్ళకు. కారు మీద వాళ్ళకు మిగిలేదీ తక్కువే, ఇన్సూరెన్సు, లోను, కిట్ల మీదే వాళ్ళ ఆదాయం. అదంతా నాకు తెలుసు. ఇది జనవరి కారు, ఇంత తగ్గిస్తాం అని చెప్పి అమ్మొచ్చు కదా? చెప్పి అమ్మితే నేనే కొనేదాన్నేమో!

అప్పుడు నన్ను కాపాడింది ఒక్కటే. నా లోను డబ్బు ఇంకా బ్యాంకులోనే ఉంది. వాళ్ళ చేతిలో నావి 25,000 మాత్రమే.

మా అపార్ట్‌మెంట్‌లోనే ఒక కుర్రాడున్నాడు, వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం. అతనికి షోరూంవాళ్ళే లోను ఇప్పించారు. ఆఫర్ నెలాఖరుతో అయిపోతుందని తొందరపెట్టి సంతకాలు చేయించి, లోను మొత్తం వాళ్ళ ఖాతాలో వేయించుకున్నారు. ఆ తరువాత ఫోన్లు లేవు. ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు. కారు వచ్చింది 41వ రోజున. మొదటి ఈఎంఐ అంతకు ముందే కట్ అయింది. కంటితో చూడని కారుకు వాయిదా కట్టాడు ఆ పిల్లాడు. ఇక్కడ నేనొక మాట ఒప్పుకోవాలి. నా సర్వీసులో ఇలా డీలర్ల పేరున ఎన్ని డీడీలు సంతకం పెట్టి పంపానో లెక్కలేదు. ప్రొఫార్మా ఇన్‌వాయిస్, అంటే డీలరు ముందుగా ఇచ్చే ధర కాగితం, ఉందా, కొనేవాళ్ళు తమ వాటాగా పెట్టాల్సిన మార్జిన్ కట్టారా, అంతే చూశాను. ఆ కారు ఎక్కడుంది, కస్టమరు చూశాడా అని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉండాల్సింది. ఇప్పుడు అది తలచుకుంటే బాధగా ఉంటుంది.

అందుకే చెప్తున్నాను, ముందు చాసిస్ నంబరు. తరువాత కారును పగటి వెలుగులో, కడగక ముందు, మీ కళ్ళతో చూడటం. ఆ తరువాతే డబ్బు. రిజిస్ట్రేషన్ అన్నిటికంటే చివర. రిజిస్ట్రేషన్ అయిందంటే కారు మీ పేరున ఎక్కినట్టే, అప్పుడు తలుపు మీద గీత కనపడినా దాన్ని మీ గీతే అంటారు. ఇప్పుడు కొత్త కారును ఆర్టీఓ దగ్గరికి తీసుకెళ్ళి చూపించే పని లేదు, డీలరే ఆన్‌లైన్‌లో చేసేస్తాడు. ఇక్కడున్నవాళ్ళలో కేఆర్ పురం ఆర్టీఓ మెట్లు ఎక్కకుండానే నంబరు వచ్చినవాళ్ళు చాలామంది ఉంటారు. సౌకర్యమే, కాదనను. కానీ మీరు కారు చూడకముందే ఆ పని అయిపోగలదని గుర్తుంచుకోండి. నేను చూసి సరే అనే దాకా రిజిస్ట్రేషన్‌కు పెట్టొద్దని మెయిల్ రాసి పెట్టండి. అలాగని నంబరు లేకుండా కారు ఇంటికి తెచ్చుకోకూడదు. టెంపరరీ గానీ పర్మనెంట్ గానీ రిజిస్ట్రేషన్ లేకుండా డీలరు కారు చేతికివ్వకూడదని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 42వ నియమం ఉంది. ఇంకొకటి, ఫారం 21 అని అమ్మకపు పత్రం ఇస్తారు, అందులో తయారైన నెల, సంవత్సరం రాసి ఉంటాయి. చాసిస్ నంబరుతో పోల్చి చూడండి.

ఆ కారు వద్దన్నాను. ఆ రాత్రే మెయిల్ రాశాను. కోపంగా ఒక్క మాట రాయలేదు. తేదీ, ఎవరు ఏం చెప్పారు, చాసిస్ నంబరు, టైర్ల ఫొటోలు, మీటరు ఫొటో, నాకేం కావాలి. రెండే కోరాను. ఇటీవల తయారైన కారు, లేకపోతే వారంలో నా 25,000. డీలరుకు, కంపెనీ కస్టమర్ కేర్‌కు ఒకే మెయిల్‌లో పంపాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. నాలుగో రోజు కంపెనీ ఏరియా మేనేజరు ఫోన్ చేశాడు. మూడు నెలల్లో నాతో నిజం మాట్లాడిన మొదటి మనిషి ఆయన. ‘మీ పేరున కారు కేటాయించలేదమ్మా, నవంబర్ మూడో వారంలో ఇవ్వగలం’ అన్నాడు. ఇచ్చారు. హ్యాండ్లింగ్ డబ్బు కూడా తీసేశారు.

కంపెనీకి రాస్తే చాలు అని మాత్రం అనుకోవద్దు. డీలరు, కంపెనీ చట్టం దృష్టిలో వేరు వేరు. గోవాలో ఒకతను 2011లో కొత్త కారుకు డబ్బు కడితే డీలరు 2009లో తయారైనది అంటగట్టాడు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2021లో కోర్టు ఏమందంటే, డీలరు చేసిన ఆ పని కంపెనీకి తెలుసని రుజువైతే తప్ప కంపెనీని బాధ్యుణ్ణి చెయ్యలేం అంది. డీలరు బాధ్యత డీలరుదే. కాబట్టి డీలరుకు రాసింది మీ దగ్గర కాగితంగా ఉండాలి. ఫోన్‌లో ఏం మాట్లాడుకున్నా, పెట్టేశాక ‘మీరు ఇప్పుడు ఇలా చెప్పారు’ అని ఒక మెసేజ్ పెట్టండి. సాక్ష్యం అలా తయారవుతుంది.

నాకు కేసు దాకా వెళ్ళే అవసరం రాలేదు. మీకు వస్తే భయపడొద్దు. 50 లక్షల లోపు కట్టిన వస్తువుకు జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు. షోరూం ఎక్కడున్నా, మీరు ఉంటున్న జిల్లాలోనే వెయ్యొచ్చు. రెండేళ్ళలోపు వెయ్యాలి. లాయరు లేకుండా మీరే మాట్లాడుకోవచ్చు. 10 నుంచి 20 లక్షల కారుకు ఫీజు ఎంతో తెలుసా? 400 రూపాయలు. ఈ-జాగృతి అనే పోర్టల్‌లో ఇంట్లోంచే దాఖలు చెయ్యొచ్చు.

కారు ఇచ్చిన రోజు ఆ మూడో అబ్బాయి నన్ను పక్కకు పిలిచాడు. ‘మేడమ్, కంపెనీ నుంచి ఫోన్ వస్తుంది, అన్నిటికీ పదికి పది చెప్పండి, లేకపోతే నా ఇన్సెంటివ్ కట్ అవుతుంది.’ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి ఆ పిల్లాడికి. ఇరవై మూడేళ్ళుంటాయి. ట్రక్కు హోస్కోటె దాటిందని నాతో అన్నది అతనే. కానీ ఆ మాట అతనికి ఎవరో చెప్పమన్నారు. మీరైతే ఏం చేస్తారు? నేను ఫోన్‌లో ఉన్నదున్నట్టు చెప్పాను. మాట నిలబెట్టుకోవడానికి సున్నా వెయ్యమన్నాను, ఈ అబ్బాయి యార్డుకు వచ్చి నాతో రెండు గంటలు ఎండలో నిలబడ్డాడని అది కూడా రాసుకోమన్నాను. మంచి మార్కుల కోసం కస్టమర్ల కాళ్ళావేళ్ళా పడమని ఇలాంటి పిల్లల్ని పంపేవాళ్ళు, ఆ పిల్లలకు ముందు నిజం చెప్తే సగం గొడవలు ఉండవు.

నవంబర్ 22న కారు ఇంటికొచ్చింది. గుమ్మడికాయ అప్పటికీ గట్టిగానే ఉంది. నాన్నకు ఒంట్లో బాగాలేక రాలేకపోయాడు. వీడియో కాల్‌లో ఎటు తిప్పాలో, ఎక్కడ కొట్టాలో ఆయన చెప్తుంటే మా అల్లుడు దిష్టి తీశాడు.

టైమైందా? అయిపోయింది, ఒక్క నిమిషం. ఈ ఫైలు అటు నుంచి పంపుతున్నాను, మెయిల్ నమూనా మొదటి పేజీలోనే ఉంది, కావాలంటే ఫొటో తీసుకోండి. చివరి వరస దాకా వెళ్ళాక మళ్ళీ నాకు ఇచ్చెయ్యండి. అమ్మాయీ, నీలం చుడీదార్, నువ్వేగా శుక్రవారం డెలివరీ అన్నది? డబ్బు కట్టేశావా? ఇంకా లేదా? సరే. ఇప్పుడే చాసిస్ నంబరు అడుగుతూ మెసేజ్ పెట్టు. రేపు పొద్దున తొమ్మిదింటికి యార్డుకు నేనూ వస్తాను. టార్చి నా దగ్గర ఉంది, నువ్వు ఒక తడిగుడ్డ తెచ్చుకో.